నాలుగు తోకల కారు

బదిలీ ఉత్తర్వు వచ్చిందని బంట్రోతు దానయ్య చెప్పేసరికి సౌదామిని నోట్లో సగం మిరపకాయ బజ్జీ ఉంది. మిగతా సగం చేతిలోంచి జారి ఇన్‌వార్డు రిజిస్టరు మీద పడింది. తేదీ గడిలో నూనె మరక గుండ్రంగా దిగింది. మామూలు రోజైతే ఆ మరకకి సంజాయిషీ రాసుకోవాలి. ఆ రోజు మాత్రం అది ఆమె కంటికి శుభలేఖ మూలన పెట్టిన పసుపుబొట్టులా కనిపించింది.

"నంద్యాలేనా బాబాయ్? సరిగ్గా చదివావా?"

"రెండుసార్లు చదివానండి మేడమ్ గారూ. మూడోసారి కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. అప్పుడూ నంద్యాలే."

పెళ్ళై యాభై రెండు రోజులు. అందులో మొగుడూ పెళ్ళాం ఒక్క కప్పు కింద ఉన్నవి పంతొమ్మిది. తక్కిన రోజులు కిరీటి నంద్యాల పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటూ, ఈమె ఏలూరులో ఫైళ్ళకి తాళ్ళు కట్టుకుంటూ గడిపారు. అతను అక్కడ రెండు గదుల వాటా అద్దెకి తీసుకుని, పడమటి కిటికీకి చిలకాకుపచ్చ కర్టెన్లు వేసి, ఆ కర్టెన్ల ఫొటో పదకొండుసార్లు పంపాడు. ఆమె పదకొండుసార్లూ కొత్తగా చూసింది.

భార్యాభర్తలు ఒకే ఊళ్ళో పనిచేసే వెసులుబాటు కింద బదిలీ. పదిహేను రోజుల్లోగా నంద్యాల శాఖలో చేరాలి. చేరకపోతే ఉత్తర్వు రద్దు, మళ్ళీ మూడేళ్ళదాకా అడగడానికి లేదు. కింద చీమతలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ప్రస్తుత కార్యాలయంలో ఆమె చేతిలో ఉన్న పని పూర్తయినట్లు సంచాలకులు ధ్రువీకరించిన పిమ్మటే విడుదల చేయవలెను.

"చేతిలో పనేముందిలే," అంది సౌదామిని, కింద పడ్డ బజ్జీ తీసి నోట్లో వేసుకుంటూ. "ఈ ఆఫీసులో ఎవరి చేతిలో మాత్రం పనుంది?"

ఆ మాట అబద్ధం కాదు. ఆ కార్యాలయం మొదట రిక్షాల నమోదుకి పెట్టింది. రిక్షాలు పోయాయి. ఒకసారి తెరిచిన కార్యాలయాన్ని మూయడానికి నిబంధన లేదు కాబట్టి పేరు మార్చారు. ఇప్పుడు గేటు మీద "భావి వాహనాల రూపరేఖల ముందస్తు అంచనా మండలి" అని ఉంటుంది. బోర్డు చాలక "మండలి" గోడ మీద పడింది. ఇంకా రాని వాహనాలు ఎలా ఉంటాయో ముందే కనిపెట్టి, అవి వచ్చేలోగా వాటికి నిబంధనలు తయారుచేయడం ఈ మండలి విధి. వచ్చేసిన వాహనాలతో వీళ్ళకి సంబంధం లేదు.

సరిగ్గా అప్పుడే సంచాలకులు జంబునాథరావు గారి గంట మోగింది.

గదిలో ఆయన నిలబడి ఉన్నారు. ఆయన నిలబడితే ఏదో జాతీయ స్థాయి విషయమే అయ్యుండాలి. పక్కన సూపరింటెండెంటు పేరిందేవి గారు నోట్ బుక్కుతో కూర్చున్నారు. కుర్చీలో వెనక్కి వాలి, చేతిలో ఎర్ర చుక్క వేసే లైటు ఆడిస్తున్నది డాక్టర్ విశ్వభూషణ్ గారు. ఆయన రాబోయే విద్యుత్ కార్ల మీద నిపుణులు. ఉన్న కార్లేవీ ఆయనకి నడపడం రాదు.

"అమ్మా సౌదామినీ," అన్నారు జంబునాథరావు గారు. "యావద్దేశం ఎదురుచూస్తున్న విద్యుత్ కారు తాలూకు అత్యంత రహస్య ఛాయాచిత్రం మన హస్తగతమైంది. మా తోడల్లుడి వాట్సాప్ బృందం ద్వారా."

గోడ మీద తెర వెలిగింది. టార్పాలిను కప్పిన ఒక వాహనం. పైన ఒక బుడిపె. వెనక, ఎడమవైపు, టార్పాలిను అంచు కిందనుంచి నల్లటి తీగలాంటిది బయటికి వచ్చి ఉంది. కింద రాత: "ఇంకా ఎవరూ చూడని కారు!!"

సౌదామిని గుండె ఒక్కసారి ఆగి, నవ్వాపుకోలేక మళ్ళీ కొట్టుకుంది.

ఆ ఫొటో తీసింది ఆమే. అది ఈ ఆఫీసు పెరట్లో పదకొండేళ్ళుగా పడి ఉన్న పాత జీపు. రోజూ మధ్యాహ్నం దానికి ఆనుకునే ఆమె కిరీటితో ఫోన్లో మాట్లాడుతుంది. పైనున్న బుడిపె, గాలికి టార్పాలిను లేచిపోకుండా దానయ్య బోర్లించిన పూలకుండీ. కిందనున్న నల్ల తీగ మసి తోక. మసి అంటే ఆ జీపులో కాపురముంటున్న పిల్లి. దానయ్య తన క్యారేజీలోంచి తీసిన చేప తలకాయ టార్పాలిను లోపలికి తోస్తే, మసి తల లోపల పెట్టి, తోక బయట పెట్టి తింటుంది. కిందటి వారం సౌదామిని సరదాగా ఫొటో తీసి, "ఇదిగో నా కొత్త కారు, ఇంకా ఎవరూ చూడలేదు" అని మొగుడికి పంపింది. అతను మురిసిపోయి కాలేజీ బృందంలో పెట్టాడు. అక్కడ్నించి అది ఎన్ని చేతులు మారిందో, చివరికి సంచాలకుల తోడల్లుడి దగ్గర తేలింది.

"సర్, అది..." అంది.

"టెక్నికల్ సమావేశంలో జూనియర్ అసిస్టెంట్లు అభిప్రాయం వెలిబుచ్చరాదు," అన్నారు పేరిందేవి గారు తలెత్తకుండానే. "సర్క్యులర్ పద్నాలుగు."

"మీరు నివేదిక రాస్తారు," అన్నారు జంబునాథరావు గారు. "ఈ కారు రూపరేఖల సమగ్ర అంచనా. అదే మీ చేతిలో పని. అది ముగిసిన మరుక్షణం మీరు నంద్యాల వెళ్ళవచ్చు. నేనూ ఒకప్పుడు కొత్త పెళ్ళికొడుకునే."

ఆ చివరి మాట గదిలో ఎవరూ నమ్మలేదు.

బయటికొచ్చాక సౌదామిని పేరిందేవి గారి కొంగు పట్టుకున్నంత పని చేసింది. "మేడమ్, అది మన పెరట్లో జీపు!"

"నీకు తెలుసు. నాకు తెలుసు. దానయ్యకీ తెలుసు," అన్నారు ఆవిడ తాపీగా. "ఫైలుకి తెలియదు కదమ్మాయ్."

"ఒక్కసారి పెరట్లోకి వచ్చి చూస్తే సరిపోతుంది కదండీ!"

"డైరెక్టరు గారు పెరట్లోకి ఎందుకొస్తారు? ఆయన బాత్రూము ముందువైపు. పైగా ఆ జీపు సంగతి ఎత్తితే కండెమ్ ఫైలు కదుల్తుంది. అది నడవదని సర్టిఫికెట్ ఇవ్వాలంటే తనిఖీ కేంద్రానికి నడుపుకు రమ్మన్నారు. పదకొండేళ్ళయింది. నాకు ఇంకో రెండేళ్ళే సర్వీసు. నన్ను బతకనీ."

*

మొదటి వారమంతా విశ్వభూషణ్ గారి ఎర్ర చుక్క తెర మీద తిరుగుతూనే ఉంది.

"ఈ బుడిపె గమనించండి. ఇది ఉపగ్రహాలతో మాట్లాడే పరికరం. ఆకారం చూస్తే పూలకుండీ బోర్లించినట్టుంది. ప్రకృతి నుంచి స్ఫూర్తి పొందారన్నమాట."

"ప్రకృతి నుంచి స్ఫూర్తి," అని సౌదామిని రాసుకుంది.

"చక్రాలు కనిపించడం లేదేం?" అడిగారు జంబునాథరావు గారు.

"కనిపించకపోవడమే సాక్ష్యం. చక్రాలు లేవు."

జంబునాథరావు గారి మొహం వాడిపోయింది. "మరి కొత్త బండి కొన్నవాడు నిమ్మకాయలు ఎక్కడ పెట్టి తొక్కిస్తాడండీ?"

నాలుగు నిమ్మకాయలు తొక్కించకుండా ఈ రాష్ట్రంలో బండి రోడ్డెక్కదు. వెంటనే నిమ్మకాయల ఉపసంఘం వేశారు. చక్రాలు లేని వాహనానికి దిష్టి ఎక్కడ తగులుతుంది, నిమ్మకాయని కాయగా పెట్టాలా చెక్కలుగా కోసి పెట్టాలా అని మూడు రోజులు చర్చించారు. ఒక పూజారి గారిని పిలిపిస్తే, ఆయన టీ తాగి, "ముందు బండి తీసుకురండి నాయనా," అని లేచి వెళ్ళిపోయారు. ఆయన వైఖరి ప్రగతికి అడ్డంకిగా ఉందని నివేదికలో నమోదు చేయమన్నారు. సౌదామిని నమోదు చేసింది. ఆ మూడు రోజులూ ఆమె పదిహేనులోంచి పోయాయి.

అసలు దెబ్బ ఛార్జింగ్ దగ్గర తగిలింది.

"వెనక ఎడమ మూల, నేలకి జానెడెత్తున," అన్నారు విశ్వభూషణ్ గారు, ఎర్ర చుక్కని మసి తోక మీద నిలబెట్టి. "ఇదీ ఛార్జింగ్ తీగ. చివర కొంచెం వంపు తిరిగి ఉంది, చూశారా? వాడనప్పుడు దానంతటదే చుట్టుకుంటుంది."

"అద్భుతం!" అన్నారు జంబునాథరావు గారు. "మరి జిల్లాలో ఛార్జింగ్ స్టాండ్లన్నీ నడుమెత్తున ఉన్నాయే?"

"అదే మన వెనకబాటుతనం."

రెండు రోజుల్లో జిల్లాలోని నూట ఎనభై ఛార్జింగ్ స్టాండ్లు జానెడెత్తుకి దిగిపోయాయి. ఉన్న విద్యుత్ వాహనాల వాళ్ళు రోడ్డు మీద బోర్లా పడుకుని తీగలు తగిలించుకోవాల్సి వచ్చింది. ఆసుపత్రి ముందు ఒక డాక్టరు గారు తెల్లకోటుతో పడుకుని ఉంటే, జనం పోగై ఆయన మొహాన నీళ్ళు కొట్టారు. ఒక కొత్త జంటలో ఆయన స్కూటరు కింద దూరితే ఆవిడ గొడుగు పట్టుకు నిలబడింది. అది చూసి సౌదామినికి ముందు నవ్వొచ్చింది. తర్వాత కిరీటి గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఉన్నవాళ్ళు ఇబ్బంది పడుతున్నారు సర్," అని సాహసించి చెప్పింది.

"ఉన్నవాళ్ళా?" అన్నారు జంబునాథరావు గారు, ఆ పదం మొదటిసారి విన్నట్టు. "అమ్మా, మనది భావి వాహనాల మండలి. ఉన్నవాళ్ళు మన పరిధిలోకి రారు."

*

ఎనిమిదో రోజు నివేదిక పూర్తిచేసి తీసుకెళ్తే, జంబునాథరావు గారు దాని బరువు చూసి వెనక్కిచ్చారు.

"ఒక్క ఛాయాచిత్రం ఆధారంగా సమగ్ర అంచనా చెల్లదు. మూడు ఉండాలి. మూడు వేర్వేరు తేదీలవి. నిబంధన."

"మిగతా రెండూ ఎప్పుడొస్తాయి సర్?"

"కంపెనీవారి రహస్యం ఎప్పుడు బయటపడితే అప్పుడు. ఆరు నెలలు కావచ్చు. తొందరపడితే విజ్ఞానం నిలవదు."

ఆ మధ్యాహ్నం ఆమె జీపుకి ఆనుకుని, ఏడుపూ కోపమూ కలిపి ఫోన్ చేసింది.

"మాస్టారూ, అసలు ఆ ఫొటో ఊరిమీదికి ఎందుకు వదిలారు?"

"నా పెళ్ళాం జోకేసిందని చెప్పుకోవద్దూ?" అన్నాడు కిరీటి. "మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. మా ప్రిన్సిపాల్ ఒక్కడే మైలేజీ ఎంతని అడిగాడు."

"అయితే ఇంకో రెండు పంపుతాను. వాటినీ వదలండి."

"దామినీ, తప్పేమో! ఎవరైనా నమ్మితే?"

"అబద్ధం చెప్పమనలేదు. కింద ఉన్నది ఉన్నట్టు రాస్తాను. 'మా ఆఫీసు పెరట్లో పాత జీపు. పైన పూలకుండీ. కింద పిల్లి.' చాలా?"

"ఇంత నిజం రాస్తే ఎవరు చూస్తారు?"

"చూడకపోతే ఆ చిలకాకుపచ్చ కర్టెన్లు మీరొక్కరే చూసుకుంటూ కూర్చోండి మూడేళ్ళు."

అవతలనుంచి చిన్న గొంతుతో, "పంపు," అన్నాడు.

రెండో ఫొటోలో మసి కుడివైపు నుంచి దూరింది. మూడోది తీసేటప్పటికి కిందటి నెల అది జీపులో పెట్టిన మూడు పిల్లలూ తిండికి ఎదిగాయి. దానయ్య పాల పళ్ళెం టార్పాలిను లోపలికి తోసేసరికి, తల్లీ పిల్లలూ బడిపిల్లల్లా వరసగా నిలబడి తలలు లోపల పెట్టేశాయి. బయట నాలుగు తోకలు మిగిలాయి. ఒకటి పెద్దది, మూడు చిన్నవి. సౌదామిని ఫొటో తీయడం మానేసి కాసేపు వాటినే చూస్తూ ఉండిపోయింది.

"తీయండి మేడమ్ గారూ, పాలైపోతాయి," అన్నాడు దానయ్య.

పన్నెండో రోజున రెండు ఫొటోలూ తోడల్లుడి గారి ద్వారా, రాత ఒక్క అక్షరం చెరగకుండా, మండలికి చేరాయి. జంబునాథరావు గారు బిగ్గరగా చదివారు. "మా ఆఫీసు పెరట్లో పాత జీపు. పైన పూలకుండీ. కింద పిల్లి." ఆయన నుదురు ముడిపడింది. ఇప్పటికైనా తెలిసిపోతుందనుకుంది సౌదామిని. తెలిసిపోవాలనే ఆమెలో సగం కోరుకుంది.

విశ్వభూషణ్ గారు జాలిగా నవ్వారు. "దృష్టి మళ్ళించే ఎత్తుగడ. పెద్ద కంపెనీలన్నీ ఇదే చేస్తాయి. నిజంగా పాత జీపైతే, పాత జీపని ఎవరైనా రాసుకుంటారా?"

"రాయరు," అన్నారు జంబునాథరావు గారు. నుదురు విచ్చుకుంది.

"ఇక తీగలు చూడండి. నాలుగు! ఒకటి పెద్దది, మూడు చిన్నవి. అంటే కుటుంబ ఛార్జింగ్. అమ్మ తీగ కారుకి, పిల్ల తీగలు ఇంట్లో ఫోన్లకి."

జంబునాథరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. స్టాండ్లన్నిటికీ నాలుగేసి రంధ్రాలు పెట్టాలని అక్కడికక్కడే ఆదేశం వెళ్ళింది.

*

పద్నాలుగో రోజు పొద్దున్నే నూట అరవై పేజీల నివేదిక బల్ల మీద పెట్టి సౌదామిని నిలబడింది. రేపు సాయంత్రం అయిదు లోపల నంద్యాలలో సంతకం పెట్టకపోతే ఉత్తర్వు చిత్తుకాగితం.

"భేష్," అన్నారు జంబునాథరావు గారు. "ఇక మిగిలింది ఒక్కటే. ఈ నివేదిక ప్రకారం ఒక నమూనా కారు తయారుచేయించి ప్రదర్శనకి పెడదాం. స్థలం చూసి వద్దాం పదండి. పెరడు ఖాళీయేనా?"

పేరిందేవి గారు దగ్గారు. దానయ్య తలుపుకి అడ్డంగా నిలబడబోయి తప్పుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి సంచాలకులు పెరట్లో కాలుపెట్టారు.

పెట్టి, ఆగిపోయారు.

ఎదురుగా టార్పాలిను. పైన బుడిపె. కింద, పాల వేళ కాబట్టి, నాలుగు తీగలు. పెద్దది కొంచెం ఊగుతోంది.

సౌదామిని కళ్ళు మూసుకుంది. అయిపోయింది. నివేదిక పోయింది, నంద్యాల పోయింది, బహుశా ఉద్యోగం కూడా.

"విశ్వభూషణ్ గారూ," అన్నారు జంబునాథరావు గారు గద్గదంగా. "చూశారా! బుడిపె అక్కడే. తీగలు నాలుగే. పేజీ తొంభై రెండులో రాసింది రాసినట్టు!"

"అక్షరం పొల్లుపోలేదు," అన్నారు విశ్వభూషణ్ గారు.

"మన నివేదిక వాళ్ళకెలాగో చేరింది. చదివి, అచ్చంగా దాని ప్రకారమే కారు తయారుచేసి, మన ఆమోదం కోసం ఇక్కడ పెట్టి వెళ్ళారు!"

"ఎవరూ చూడలేదేం?" అడిగారు పేరిందేవి గారు, చాలా జాగ్రత్తగా.

"విద్యుత్ కారు కదమ్మా. చప్పుడుండదు."

సౌదామిని ఇక ఉండబట్టలేకపోయింది. సర్క్యులర్ పద్నాలుగు ఏమైతే అయిందనుకుని, "సర్, ఇది మన జీపండీ!" అనేసింది. "మన ఆఫీసుదే. ఒట్టు. అవి తోకలు. టార్పాలిను ఎత్తి చూడండి."

జంబునాథరావు గారు ఆమెకేసి తండ్రిలా చూశారు. "అలసిపోయావమ్మా. నూట అరవై పేజీలంటే మాటలా? పేరిందేవి గారూ, రికార్డుల ప్రకారం మనకి జీపుందా?"

"రికార్డుల ప్రకారం..." ఆవిడ సౌదామినికేసి చూడలేదు. "నడుస్తున్న వాహనాల జాబితాలో లేదు సర్. తీసేసిన వాహనాల జాబితాలోనూ లేదు."

"రెండు జాబితాల్లోనూ లేనిది లేనట్టే. ఇక ముసుగు ఎత్తే అధికారం మంత్రిగారికి తప్ప నాక్కూడా లేదు." ఆయన టార్పాలినుకి నమస్కారం పెట్టారు. మసి తోక అటునుంచి ఇటు తిరిగింది. "ఆహా, ఛార్జింగ్ ఎక్కుతోంది!"

ఆ సంతోషంలోనే ఆయన జేబులోంచి పెన్ను తీశారు. "వాహనమే వచ్చేశాక అంచనాతో పనేముంది? నమూనా కూడా అక్కర్లేదు. అమ్మాయి చేతిలో పని పూర్తయింది." దానయ్య వీపు మీద కాగితం పెట్టించి, "తక్షణమే విధుల నుంచి విడుదల" అని రాసి సంతకం గీశారు. దానయ్య సంతకం అయ్యేదాకా వంగే ఉన్నాడు. అయ్యాక కూడా కాసేపు వంగే ఉన్నాడు, నవ్వు కనపడకుండా.

"రేపు ఉదయం పది గంటలకి మంత్రిగారి చేతుల మీదుగా ముసుగు తొలగింపు!" అని జంబునాథరావు గారు పెరడంతా వినిపించేలా ప్రకటించారు. "ఛార్జింగ్ తీగలు నాలుగూ మంత్రిగారు స్వయంగా స్టాండుకి తగిలిస్తారు. నాలుగు నిమ్మకాయలు చెక్కలుగా కోసి సిద్ధంగా ఉంచండి. సౌదామినీ, హారతి పళ్ళెం నువ్వు పట్టుకోవాలి."

సౌదామిని కాగితం మడిచి జాకెట్టులో దాచుకుంది.

"విడుదలైన ఉద్యోగి అధికారిక కార్యక్రమంలో పాల్గొనరాదు సర్. సర్క్యులర్ పద్నాలుగు, రెండో పేజీ."

"ఔనా?" అన్నారాయన.

"ఔను సర్," అన్నారు పేరిందేవి గారు. ఈసారి ఆవిడ సౌదామినికేసి చూశారు, నవ్వలేదు గానీ కొంగు సర్దుకున్నారు.

అందరూ వెళ్ళిపోయాక సౌదామిని జీపుకి ఆనుకుని ఫోన్ తీసింది. టార్పాలిను కింద పాల పళ్ళెం నాకుతున్న చప్పుడు. చిన్న తోకల్లో ఒకటి ఆమె మడమకి తగిలి చక్కిలిగింత పెట్టింది. ఆమె దానయ్యకేసి చూసింది. మూతున్న పెద్ద వెదురుబుట్ట ఒకటి పట్టుకుని అతను అప్పటికే ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మంత్రిగారి చేతుల్లో ఎందుకండి పసికూనలు?" అన్నాడు. "ఇది గాలాడే బుట్టండి. తువ్వాలు పరిచాను."

అవతల కిరీటి ఎత్తాడు. "ఏమైంది? సంతకం పెట్టాడా?"

"మాస్టారూ, చెప్పేది రాసుకోండి," అంది సౌదామిని. "రేపు పొద్దున ఆరు గంటల బస్సుకి బయల్దేరుతున్నాను. మీరు పాలబ్బాయికి చెప్పి ఒక లీటరు ఎక్కువ పోయించుకోండి. కర్టెన్లు కాస్త పైకి ముడేసి ఉంచండి. నాతోపాటు ఇంకో నలుగురు వస్తున్నారు."